గుర్రానికి డబ్బులిచ్చి క్లిప్పింగ్ చేయిస్తే పాడు చేశారా? ఏం చెయ్యాలో వరసగా చెప్తా

హైదరాబాద్‌లో గుర్రానికి క్లిప్పింగ్, అంటే మెషిన్‌తో ఒంటి బొచ్చు కత్తిరించడం, ఎందుకండీ, మనకేమైనా మంచు పడుతుందా అని చాలామంది అడుగుతారు. గుర్రానికి చలికాలం బొచ్చు వచ్చేది చలి వల్ల మాత్రమే కాదు, పగలు తగ్గి రాత్రి పెరగడం వల్ల ముఖ్యంగా వస్తది, అందుకే మనలాంటి ఊళ్ళో కూడా నవంబర్ వచ్చేసరికి కోటు దట్టమైతది. అప్పుడు మొయినాబాద్ సైడు పొద్దున్నే ఒక గంట రైడ్ చేసొస్తే చెమట లోపల్నే ఉండిపోయి గంటలు గంటలు ఆరదు, తడి బొచ్చు మీదే జీను మళ్ళీ వేస్తే పుండ్లు. ఇంకొకటి, కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు ఉన్న ముసలి గుర్రాలు ఏప్రిల్ ఎండలో కూడా బొచ్చు రాల్చవు, పాపం వాటికి క్లిప్పింగ్ తప్పదు. చెమట పట్టడం ఆగిపోయిన గుర్రాలకీ అంతే.

సమస్య ఏంటంటే ఈ పని బాగా వచ్చినవాళ్ళు మన దగ్గర తక్కువ. మలక్‌పేట రేస్ కోర్సు వైపు పనిచేసినవాళ్ళో, వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళో నలుగురైదుగురు ఉంటారు, అజీజ్‌నగర్ నుంచి శామీర్‌పేట దాకా అన్ని తబేలాలకీ వాళ్ళే తిరుగుతుంటారు, అదే మెషిన్, అవే బ్లేడ్లు. సగం తప్పులు ఆ తొందర వల్ల, మిగతా సగం ఆ బ్లేడ్ల వల్ల.

పాడైంది అని తెలియగానే మనకి మొదట కోపం వచ్చేది గీతల మీద, వంకర మీద. కానీ అసలు వరస వేరే. చర్మం సంగతి ఈరోజే చూడాలి, డబ్బు మాట ఈ వారంలో మాట్లాడాలి, అందం పది రోజులాగి సరిచెయ్యాలి, ఇన్ఫెక్షన్ కోసం నెలంతా కన్నేసి ఉంచాలి, గుర్రానికి పట్టిన భయం మాత్రం తర్వాత నెలల తరబడి ఓపిగ్గా పోగొట్టాలి. ఈ చివరిదాన్నే ఎవరూ తప్పు కింద లెక్కెయ్యరు, నా ఉద్దేశంలో అన్నిటికంటే పెద్ద నష్టం అదే.

1. ఇంకా పని నడుస్తుంటే, ఆపించండి

మొహమాటం వద్దు. సగం క్లిప్ అయిన గుర్రానికి ఏమీ కాదు, చూడ్డానికి బాగోదు అంతే, మిగతాది రేపు చేయించుకోవచ్చు. ఈ కిందివాటిలో ఏది కనిపించినా "భాయ్, ఒక్క నిమిషం ఆపండి" అనేయండి.

బ్లేడు వేడెక్కడం. మీ మణికట్టు లోపలి వైపు పెట్టి చూడండి, మీకు చురుక్కుమంటే గుర్రానికి కూడా అంతే. ప్రతి ఐదు పది నిమిషాలకీ ఆపి బ్లేడు తుడిచి, నూనె వేసి, చల్లారనివ్వాలి. ఇది చెయ్యకుండా అరగంట ఏకధాటిగా తిప్పేవాళ్ళున్నారు.

బ్లేడు కత్తిరించకుండా బొచ్చు లాగడం. గుర్రం ప్రతిసారీ ఒకేచోట చర్మం వణికిస్తుంటే అర్థం అదే.

చెవి మెలిపెట్టి పట్టుకోవడం. ఇది అస్సలు ఒప్పుకోకండి. పై పెదవికి కర్రతాడు బిగించే ట్విచ్ వేరే, అది సరిగ్గా వేస్తే కొద్దిసేపు గుర్రాన్ని శాంతపరుస్తది, కానీ అది కూడా ఐదు నిమిషాలు దాటితే ఒత్తిడి పెంచుతది. చెవి మెలిపెడితే మొదటి క్షణం నుంచే ఒత్తిడి, పైగా ఆ తర్వాత తలకి కళ్ళెం పెట్టనివ్వదు.

ఇక మత్తు ఇంజెక్షన్. జేబులోంచి సిరంజి తీసి "సార్, కొంచెం ఇస్తే మంచిగ నిలబడ్తది" అంటే గట్టిగా వద్దనండి. మెడ నరానికి ఇచ్చేటప్పుడు పక్కనే ఉన్న ధమనికి తగిలితే గుర్రం అక్కడికక్కడే గిలగిలా కొట్టుకుని పడిపోవచ్చు. కొన్ని మందులు మగ గుర్రాలకి అంగం బయటికొచ్చి లోపలికి పోకుండా చేస్తాయి. మత్తు వెటర్నరీ డాక్టరే ఇవ్వాలి. మీరు వచ్చేలోపే ఇచ్చేసి ఉంటే ఏం మందు, ఎంత అని అడిగి సీసా ఫోటో తీసుకుని డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, పూర్తిగా తేరుకునేదాకా గడ్డి, దాణా ఏమీ పెట్టకండి, మత్తులో గొంతుకి అడ్డం పడతది.

2. చేత్తో తడిమి చూడండి, కళ్ళతో కాదు

పని అయ్యాక నీడలో నిలబెట్టి ఒళ్ళంతా అరచేత్తో నెమ్మదిగా తడమండి. తప్పులు దొరికే చోట్లు దాదాపు ఎప్పుడూ ఇవే: మోచేతి వెనక ముడత, డొక్క దగ్గర వదులు చర్మం, గొంతు కింద, తంగు (జీను కదలకుండా పొట్ట కింద కట్టే పట్టీ) బిగించే చోటు, వెనక తొడ ముందు మడత, కాళ్ళ వెనక నరాల దగ్గర. ఇక్కడ చర్మం లాగిపట్టుకుని మెషిన్ పెట్టాలి, పెట్టకపోతే ముడత బ్లేడులోకి పోతది.

చర్మం ఎర్రగా, వేడిగా, ముట్టుకుంటే దూరం జరుగుతుంటే అది బ్లేడు కాలిన మచ్చ. పావుగంట ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు పోయండి, పైపుతో సన్నగా. తర్వాత ఆరనిచ్చి డాక్టర్ చెప్పిన క్రీము. పసుపు, కొబ్బరినూనె, వంటింట్లో ఉన్నవన్నీ పూసెయ్యొద్దు, నూనె వేడిని లోపలే పట్టి ఉంచుతది, దుమ్ము కూడా అంటుకుంటది. మానేదాకా ఆ చోట తంగు, జీను తగలకూడదు, అంటే రైడింగ్ బంద్, చేత్తో నడిపించుకోండి చాలు.

చిన్న చిన్న గుల్లలు ఒంటినిండా లేస్తే బ్లేడు నూనె గానీ క్లిప్పింగ్‌కి ముందు వాడిన షాంపూ గానీ పడకపోయి ఉండొచ్చు. చల్లటి నీళ్ళతో కడిగి చూడండి. మూతి, కనురెప్పలు వాస్తున్నా, ఊపిరి కష్టంగా తీసుకుంటున్నా వెంటనే డాక్టర్.

తెగిన చోట ఉప్పునీళ్ళతో కడగండి, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళకి 9 గ్రాముల ఉప్పు. క్లోర్‌హెక్సిడిన్ 4 శాతంది దొరికితే లీటరు నీళ్ళకి 12 మిల్లీలీటర్లు కలిపితే సరిపోతది, కానీ కంటి దగ్గర మాత్రం అది వాడొద్దు, ఉప్పునీళ్ళే. పోవిడోన్ అయోడిన్ అయితే పల్చటి టీ రంగు వచ్చేదాకా నీళ్ళు కలపాలి, చిక్కగా పోస్తే మానే కణాలు కూడా చస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దే వద్దు.

గాయం నోరు తెరుచుకుని ఉన్నా, కీలు దగ్గర ఉన్నా, కంటి దగ్గర ఉన్నా, రక్తం పది నిమిషాలు ఒత్తిపట్టినా ఆగకపోయినా ఆలస్యం చెయ్యొద్దు, కుట్లు మొదటి ఆరేడు గంటల్లో వేస్తే బాగా మానుతది. గుర్రాల డాక్టర్ నంబర్ లేకపోతే ప్రభుత్వ పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చెయ్యండి, నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ వెటర్నరీ హాస్పిటల్ ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది.

ఇంకా ముఖ్యమైంది ధనుర్వాతం. జంతువుల్లో దానికి అన్నిటికంటే తొందరగా లొంగేది గుర్రమే, తబేలా మట్టిలో ఆ క్రిమి ఎప్పుడూ ఉంటది. గాయం చిన్నదే కదా అనుకోకండి. టెటనస్ టీకా వేయించి ఆరు నెలలు దాటితే బూస్టర్ అడగండి, అసలు ఎప్పుడు వేయించారో తెలియకపోతే ఆ మాటే డాక్టర్‌కి చెప్పండి, యాంటీటాక్సిన్ కూడా అవసరం పడొచ్చు.

3. ఫోటోలు ఇప్పుడే, కడగక ముందే

గాయాలైతే ఒక్క నిమిషం ఫోటో తీసి తర్వాత కడగండి. పగటి వెలుతురులో నాలుగు వైపులా, తర్వాత ఒక్కో మచ్చ దగ్గరగా. వీలైతే ఆ మెషిన్, బ్లేడు కూడా ఒక ఫోటో. గుర్రాన్ని ఏ సైసు (రోజూ దాన్ని చూసుకునే పనివాడు) పట్టుకున్నాడు, ఎంతసేపు పట్టింది, కరెంటు పోయిందా, గుర్రం ఎప్పుడు అదిరింది, ఇవన్నీ ఆ సాయంత్రమే ఫోన్‌లో రాసిపెట్టుకోండి. రెండ్రోజుల తర్వాత సైసు ఒకటి చెప్తడు, క్లిప్పింగ్ భాయ్ ఇంకోటి చెప్తడు, ఇద్దరూ అబద్ధమాడుతున్నారని కాదు, గుర్తుండదు.

4. ఏది తప్పు, ఏది కాదు

గొడవకి పోయేముందు ఇది తేల్చుకోవడం న్యాయం. రంగు మారడం తప్పు కాదు. ముదురు గోధుమ రంగు గుర్రం క్లిప్ చేశాక ఎలుక రంగులోకి వస్తది, ఎందుకంటే వెంట్రుక చివర ఉన్నంత రంగు మొదట్లో ఉండదు, కొత్త కోటు వచ్చాక మళ్ళీ మామూలే. సుడుల దగ్గర, మెడ మడతల దగ్గర కాస్త గీతలు ఎంత మంచి చేతికైనా వస్తాయి.

గుర్రం దుమ్ము కొట్టుకుని ఉంటే పొడుగు గీతలు ఖాయం. ఎర్రమట్టిలో పొర్లిన గుర్రాన్ని ఖరారాతో (దుమ్ము దులిపే పళ్ళ బ్రష్షు) రెండు దెబ్బలు కొట్టి ఇచ్చేస్తే గుర్రం ఒక్క పక్క పూర్తయ్యేసరికే బ్లేడు మొద్దుబారిపోతది, ఆ గీతలకి క్లిప్ చేసినవాణ్ణి ఒక్కణ్ణే అనలేం. ముందు రోజు స్నానం చేయించి పూర్తిగా ఆరబెట్టి ఇచ్చారా, మంచి లైటు ఉందా, పట్టుకోడానికి గుర్రానికి అలవాటైన మనిషిని ఇచ్చారా చూసుకోండి.

తప్పు అని కచ్చితంగా అనాల్సినవి: కాలడం, తెగడం, చెప్పిన ప్యాటర్న్ (ఎక్కడ బొచ్చు తియ్యాలి, ఎక్కడ ఉంచాలి అన్న లెక్క) కాకుండా వేరేది చెయ్యడం, జూలు గానీ తోక మొదలు గానీ కోసెయ్యడం, చెవి లోపలి బొచ్చు పూర్తిగా తీసెయ్యడం, మూతి మీసాలు గీకెయ్యడం. మీసాలు అందం కోసం ఉన్నవి కావు, మూతి దగ్గర ఏముందో గుర్రానికి కనపడదు, వాటితోనే తెలుసుకుంటది. 2021 జూలై 1 నుంచి ఎఫ్‌ఈఐ (అంతర్జాతీయ గుర్రపు క్రీడల సమాఖ్య) పోటీల్లో ఆ మీసాలు గీకిన గుర్రాన్ని దిగనివ్వడం లేదు. చెవి బొచ్చు కూడా అంతే, మన దోమలకి, ఈగలకి అదే అడ్డం. మార్వాడీ గుర్రం చెవులు లోపలికి వంగి ఉంటాయి కదా, అందంగా కనపడాలని లోపల గీకేస్తారు, చేయించొద్దు. చెవి అంచులు కలిపి పట్టి బయటికొచ్చినంత వరకే కత్తిరించాలి.

5. నెల రోజులు తామర మీద కన్ను

ఒకే బ్లేడు పది తబేలాలు తిరిగితే వచ్చే జబ్బు ఇది. గుండ్రంగా బొచ్చు ఊడి పొట్టు రాలుతుంటే, ముఖ్యంగా జీను, తంగు, ముఖం దగ్గర, తామర అయ్యుండొచ్చు. వారం నుంచి మూడు నాలుగు వారాల్లో ఎప్పుడైనా బయటపడొచ్చు, కాబట్టి రెండో రోజు బాగానే ఉంది అని వదిలెయ్యకండి. మనుషులకీ అంటుకుంటది, గ్లవ్స్ వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. ఆ గుర్రం బ్రష్షు, జీను కింది గుడ్డ, ఝూల్ (ఒంటి మీద కప్పే దుప్పటి) వేరుగా పెట్టండి, ఆ ఫంగస్ సామాన్ల మీద నెలల తరబడి బతికే ఉంటది. మందు డాక్టర్ చెప్పిందే వాడాలి, మెడికల్ షాపులో మనుషులకిచ్చే స్టెరాయిడ్ కలిపిన క్రీములు పూస్తే ఇంకా పెరుగుతది. అది తగ్గేదాకా ఇంకోసారి క్లిప్పింగ్ లేదు. తబేలాలో మిగతా గుర్రాల వాళ్ళకి కూడా చెప్పెయ్యండి, దాచిపెడితే అందరికీ వస్తది.

6. అందం పది రోజుల తర్వాతే

గీతలు చూడగానే "ఇప్పుడే ఇంకోసారి తిప్పెయ్" అంటాం, అదే పొరపాటు. అదే చర్మం మీద అదే రోజు రెండోసారి మెషిన్ పెడితే కాలుతది. వారం పది రోజులు ఆగితే సగం గీతలు వాటంతటవే కలిసిపోతాయి. మిగిలినవాటి మీద అదే సైజు బ్లేడుతో, ఐమూలగా, చేతి బరువు వెయ్యకుండా ఒక్కసారి తిప్పిస్తే చాలు. సన్న బ్లేడు పెడితే ఆ చోటు మచ్చలాగా వేరే రంగులో కనిపిస్తది.

ప్యాటర్న్ వంకరపోతే దాన్ని పై ప్యాటర్న్‌లోకి, అంటే ఇంకొంచెం ఎక్కువ బొచ్చు తీసేదాంట్లోకి, మార్చేయడమే మార్గం. ట్రేస్ క్లిప్ (పొట్ట, మెడ కింది భాగం వరకే తీసేది) గీత ఒక పక్క పైకి ఒక పక్క కిందికి వచ్చిందా, బ్లాంకెట్ క్లిప్ (వీపు మీద దుప్పటి కప్పినట్టు, కాళ్ళకి బొచ్చు ఉంచేది) చేసెయ్యండి. బ్లాంకెట్ వంకరైతే హంటర్, అంటే కాళ్ళు, జీను చోటు తప్ప అంతా. జీను చోటే తప్పుగా వస్తే ఆ బొచ్చు కూడా తీసేసి కాళ్ళ బొచ్చు మాత్రం ఉంచడం నయం. ఎత్తు పల్లాలు సరిచేద్దామని ఇటు కొంచెం అటు కొంచెం తీస్తూ పోతే చివరికి ఏ ప్యాటర్నూ మిగలదు.

జూలు మాత్రం ఓపికే. నెలకి ఒక అంగుళం కూడా పూర్తిగా పెరగదు. చెవుల వెనక కళ్ళెం పట్టీ చోటు పెద్దగా కోసేస్తే, మిగతా జూలు కూడా గీకేద్దాం అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వినకండి, ముందున్న జూలుని కొంచెం వెనక్కి జడ అల్లి కప్పేయొచ్చు. బారాత్ గుర్రాల వాళ్ళకైతే తలకి కట్టే అలంకారంలో అది కనపడనే కనపడదు, సీజన్ పోతుందని భయపడక్కర్లేదు.

మొత్తం తీసేసిన గుర్రానికి డిసెంబర్, జనవరి రాత్రుళ్ళు ఒక ఝూల్ చాలు, మన దగ్గర రాత్రి 12, 13 డిగ్రీలకి అటు ఇటే కదా. పొద్దెక్కగానే తీసెయ్యాలి, మధ్యాహ్నం దాకా ఉంచితే లోపల ఉడికిపోతది. దాణా పెంచే పని లేదు, గడ్డి కొంచెం ఎక్కువెయ్యండి. తెల్ల గుర్రాలు, మూతి దగ్గర గులాబీ చర్మం ఉన్నవి మాత్రం ఎండకి కమిలిపోతాయి, పదింటి నుంచి నాలుగింటి దాకా నీడలో ఉంచి జింక్ ఆక్సైడ్ క్రీము రాయండి.

7. మాట్లాడటం, డబ్బు

మూడు నాలుగు రోజుల్లోపు మాట్లాడండి, మరీ ఆలస్యమైతే "అప్పుడే చెప్పొచ్చు కదా సార్" అంటాడు, ఆ మాటలో న్యాయం ఉంది. తబేలాలో అందరి ముందూ అరవొద్దు. మనిషి పరువు పోతే తప్పు ఒప్పుకోడు, పైగా రేపు ఇంకో గుర్రానికి ఆయన్నే పిలవాల్సి రావచ్చు. ముందు వాట్సాప్‌లో రాతపూర్వకంగా పెట్టండి, ఇలా:

"భాయ్ నమస్తే. ఆదివారం మీరు మా గుర్రానికి చేసిన క్లిప్పింగ్‌లో ఎడమ మోచేతి వెనక రెండు చోట్ల తెగింది, తంగు దగ్గర కాలింది. ఫోటోలు పంపిస్తున్నా. డాక్టర్ వచ్చి చూశారు, బిల్లు కూడా పెడుతున్నా. గీతల గురించి నేనేం అనట్లేదు. డాక్టర్ బిల్లు మాత్రం మీరు ఇవ్వడం న్యాయం అనుకుంటున్నా. మీరేమంటారో చెప్పండి."

ఇందులో గీతలూ గాయాలూ వేరు చేశాం, చూడండి. అందం పాడైతే ఉచితంగా సరిచేయించుకోవడమో కొంత డబ్బు వాపసో అడగండి. చర్మం పాడైతే డాక్టర్ ఖర్చు అడగండి, అదే మనిషి చేత మళ్ళీ చేయించొద్దు. అంతా బాగానే చేసి ప్యాటర్న్ ఒక్కటే తప్పితే, మీరు ముందు నోటిమాటగా చెప్పారా, చాక్‌పీస్‌తో గీసి చూపించారా అన్నదాన్ని బట్టి సగం సగం మాట్లాడుకోవడం మంచిది. వెంట వచ్చిన అసిస్టెంట్ పిల్లోడి రోజు కూలీలో కోత పడకుండా చూడండి, ఆ అబ్బాయి చెప్పిన పని చేశాడంతే.

తబేలా వాళ్ళే మనిషిని పిలిపించి బిల్లులో కలిపి ఉంటే మీరు అడగాల్సింది తబేలా వాళ్ళని, క్లిప్పింగ్ భాయ్‌ని కాదు.

ఎంతకీ తెగకపోతే, నష్టం పెద్దదైతే, 1915కి ఫోన్ చేస్తే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ వాళ్ళు మాట్లాడతారు. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్, 2019 చట్టం ప్రకారం రెండేళ్ళలోపు కేసు వెయ్యాలి, ఇచ్చిన డబ్బు 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. కానీ గుర్రం వ్యాపారానికి వాడేదైతే మీరు వినియోగదారుడే కాదని అవతలివాళ్ళు వాదిస్తారు, సొంత జీవనోపాధి కోసం నడుపుకునేవాళ్ళకి మాత్రం చట్టంలో మినహాయింపు ఉంది. కొట్టడం, హింసించడం జరిగితే అది డబ్బు విషయం కాదు, 1960 జంతు హింస నిరోధక చట్టం కింద పోలీసులకి చెప్పాల్సిన విషయం.

8. భయం పోగొట్టడం

కాలిన గుర్రం, చెవి మెలిపెట్టిన గుర్రం మెషిన్ చప్పుడు వింటేనే చెమటలు పట్టి గోడకి అతుక్కుపోతది. ఒక్కోసారి మనుషుల్ని కూడా తన్నుతది, అప్పుడు దాన్ని "పొగరు" అంటారు. అది పొగరు కాదండీ, నొప్పి గుర్తుండటం.

చర్మం పూర్తిగా మానాకే మొదలుపెట్టండి. ముందు ఆపేసిన ట్రిమ్మర్ చేతిలో పట్టుకుని దాణా పెట్టండి, వాసన చూడనివ్వండి, అంతే. కొన్ని రోజుల తర్వాత ఇంకెవరైనా దూరంగా ట్రిమ్మర్ ఆన్ చేసి పట్టుకుంటే మీరు ఇక్కడ మాలిష్ చెయ్యండి. గుర్రం తల దించి, పెదవి వదులు చేసి, ఊపిరి వదిలినప్పుడు చప్పుడు ఆపాలి. భయపడి లాగినప్పుడు ఆపితే లాగితే ఆగుతుందని నేర్చుకుంటది, కాబట్టి లాగేంత దగ్గరికి మొదట్లో పోనే పోకూడదు. తర్వాత వైబ్రేషన్‌లో పెట్టిన ఫోన్ భుజం మీద ఆనించండి, అక్కణ్ణుంచి మెడ, వీపు. తల, చెవులు, పొట్ట చివరికి. రోజుకి ఐదు పది నిమిషాలు చాలు, సైసుకి కూడా నేర్పించండి, ఎందుకంటే రోజూ ఉండేది ఆయనే. అయినా కుదరకపోతే వచ్చే ఏడాది డాక్టర్ సమక్షంలో మత్తులో చేయించడం నయం, బలవంతంగా పట్టుకుని చెయ్యడం కంటే.

9. వచ్చే ఏడాది పిలిచేముందు

మీ సొంత బ్లేడ్లు కొనిపెట్టుకోండి, ఇది నేను గట్టిగా చెప్పే మాట. మెషిన్ వాళ్ళది, బ్లేడు మీది. ఆయన మెషిన్ మోడల్ అడిగి దానికి సరిపోయేవి తీసుకుని, పనయ్యాక శుభ్రం చేసి నూనె రాసి దాచి, పదును మాత్రం తెలిసినవాళ్ళ దగ్గరే పట్టించండి. తామరకి కూడా ఇదే పెద్ద అడ్డం. తబేలా ప్లగ్గుకి 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (షాక్ కొట్టేలోపు కరెంటు ఆపేసే స్విచ్) పెట్టించండి, తడి నేల మీద వైరు లాగి పనిచేస్తారు, గుర్రాలు చిన్న షాక్‌కే పోతాయి.

జనవరి చివర దాటాక చేయించొద్దు, కొత్త కోటు మొదలైపోతది. జీను పెట్టి చుట్టూ చాక్‌పీస్‌తో గీసి, రెండు వైపులా కొలిచి, ఫోటో తీసి ఆయనకి పంపండి. మొదలుపెట్టేముందు భుజం కింద అరచేయంత చోటు క్లిప్ చేయించి చూడండి, బ్లేడు లాగుతుందా, గీత పడుతుందా, గుర్రం ఎలా ఉంది అన్నీ అక్కడే తెలిసిపోతాయి, బాగోలేకపోతే ఆ రోజుకి వచ్చినందుకు ఛార్జీ ఇచ్చి పంపించేయండి.